#అత్తయ్యకుట్టు

జగ్గయ్యపేట
జూన్ 9

అత్తయ్యా,

నువ్వూ మావయ్యా బాగున్నారనుకుంటాను. ఫోన్లో మాట్లాడుకోవడం మనవల్ల కావడం లేదు. మొన్న నేను బొంత అంటే నీకు సంత అని వినిపించి, అది శనివారం కదా అన్నావు. మావయ్య పక్కనుంచి నవ్వడం మాత్రం నాకు బాగా వినిపించింది. చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. అందుకే ఈ ఉత్తరం.

మన మ్యాచింగ్ సెంటర్లో బేరాలు బాగా తగ్గిపోయాయి. బస్టాండు దగ్గర మూడంతస్తుల షోరూం వచ్చాక ఫాల్, లైనింగ్, జాకెట్ ముక్క అన్నీ జనం అక్కడే కొనుక్కుంటున్నారు. మీ అల్లుడు దిలీప్ ముక్త్యాల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చేసరికి నేను ఖాళీ కొట్లో కూర్చుని ఉంటున్నాను. "మూసేసి ఏదన్నా స్కూల్లో చేరకూడదా" అంటున్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే అంటున్నాడు. అదే నాకు భయంగా ఉంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో కొట్టు పేరున ఒక పేజీ తెరిచాను. రోజూ జాకెట్ ముక్కల ఫోటోలు పెట్టి, కింద ముప్పై హ్యాష్‌ట్యాగులు తగిలించేదాన్ని. ఎవరూ కన్నెత్తి చూడలేదు. పోయిన వారం మాత్రం, మా అక్షయ పుట్టినప్పుడు నువ్వు కుట్టిచ్చిన బొంత ఉతికి డాబా మీద ఆరేసి, ఊరికే ఫోటో తీసి పెట్టాను. పదకొండు మంది అడిగారు, ఇది ఎక్కడ దొరుకుతుందని. ఇద్దరైతే తమ ఇంట్లో పాత చీరలు ఉన్నాయి, కుట్టిస్తారా అని నేరుగా కొట్టుకే వచ్చారు.

ఆ ఇద్దరి చీరలూ ఈ మూటలో పెట్టి ఆర్టీసీ పార్సిల్లో పంపుతున్నాను. కుడతావా? కుదరదంటే మొహమాటపడకుండా చెప్పు.

నీ మేనకోడలు
యశస్విని


నందిగామ
జూన్ 14

యశస్వినీ,

మూట అందింది. నీలం అంచు చీరలు మెత్తగా ఉన్నాయి, బొంతకు అవే మంచివి. పచ్చ చీరలో రెండు చోట్ల గుడ్డ చీకిపోయింది. ఆ ముక్కలు లోపలి వరసలో పడేలా సర్దుతాను. పది రోజులు పడుతుంది.

కుదరకపోవడమేం? ఉదయం వంటయ్యాక నాకేం పని? మీ మావయ్య పేపరు చదువుతూ నాకు వినిపించేలా అరుస్తుంటారు. అది వినడం కంటే బొంత కుట్టుకోవడం నయం.

కానీ ఆ హ్యాష్ ఏమిటో నాకు అర్థం కాలేదు. మీ మావయ్యను అడిగితే ఫోనులో నాలుగు గీతల గుర్తు చూపించి, "ఇదేనంట, దీని తర్వాత ఏదో రాస్తారంట" అన్నారు. ఏం రాస్తారు? ఎందుకు రాస్తారు? ముప్పై రాసినా ఎవరూ రాకపోతే మరి అవి ఏం పనిచేసినట్టు?

దిలీప్ మాటకు దిగులు పడకు. నెమ్మదిగా అన్నాడంటే వినడానికి సిద్ధంగా ఉన్నాడని.

మీ అత్తయ్య
దుర్గాంబ


జగ్గయ్యపేట
జూన్ 27

అత్తయ్యా,

బొంతలు అందాయి. నీలం అంచు ఆవిడ కొట్లోనే దాన్ని మొహానికి ఆనించుకుని కూర్చుండిపోయింది. వాళ్ళ అమ్మగారి చీరలట.

హ్యాష్‌ట్యాగ్ అంటే, మావయ్య మిర్చి బస్తాలకు కట్టే చీటీ అనుకో. కొనేవాడు చీటీ చూసి తనకు కావలసిన సరుకు దగ్గరికి వస్తాడు. నేను చేసిన తప్పేమిటంటే చీటీ మీద ఉత్త "మిర్చి" అని రాశాను. హ్యాండ్‌మేడ్, ఫ్యాషన్, హోమ్ డెకార్, లవ్, ఇలాంటివి. ఆ పేర్లతో ప్రపంచమంతా రోజుకు కొన్ని లక్షల ఫోటోలు పెడుతుంది. నాది నిమిషంలో అడుక్కి పోతుంది. అదే రకం పేరు, ఊరి పేరు కలిపి రాస్తే, చూసేవాళ్ళు తక్కువైనా సరిగ్గా అదే వెతుక్కునేవాళ్ళు వస్తారు. ఇవన్నీ రెండు వారాలు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను.

ఇప్పుడు చెప్పు, నిన్ను బొంత అడగడానికి వచ్చేవాళ్ళు ఏమని అడిగేవాళ్ళు? అచ్చంగా ఆ మాటే నాకు కావాలి.

యశస్విని


నందిగామ
జూలై 3

యశస్వినీ,

"మా అమ్మ చీరలున్నాయి, బొంత కుట్టిపెడతావా" అని అడిగేవాళ్ళు. ఇంకో మాట ఎవరూ అనలేదు. నువ్వు రాసిన ఆ హోమ్ డెకార్ కావాలని అడిగినవాళ్ళు నలభై ఏళ్ళలో ఒక్కరూ లేరు.

ఈసారి పంపిన ఐదు జతల చీరలూ మొదలుపెట్టాను. కుడి భుజం కొంచెం పట్టేసింది, వేణ్ణీళ్ళ కాపడం పెడుతున్నాను. కంగారేం లేదు, పని ఆగదు.

దుర్గాంబ


జగ్గయ్యపేట
ఆగస్టు 4

అత్తయ్యా,

నీ మాట పనిచేసింది. ముప్పై చీటీలూ తీసి అవతల పారేసి, నాలుగే ఉంచాను: #అమ్మచీరబొంత, #జగ్గయ్యపేట, #నందిగామ. నాలుగోది మన సొంతం, #అత్తయ్యకుట్టు. మన బొంతలన్నిటికీ అదే తగిలిస్తున్నాను. కొన్నవాళ్ళు తమ ఇంట్లో బొంత పరుచుకుని ఫోటో తీసి, వాళ్ళూ అదే చీటీ పెడుతున్నారు. దాన్ని నొక్కితే చాలు, అన్ని ఇళ్ళ బొంతలూ వరసగా కనిపిస్తాయి. దిలీప్ ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరికీ చూపిస్తున్నాడట. స్కూలు మాట ఎత్తడం మానేశాడు.

ఇంకో సంగతి. నువ్వు ఈమధ్య కుట్టు మార్చావు కదా? ఇదివరకు నిలువు వరసలు వేసేదానివి. ఇప్పుడు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తున్నావు. జనానికి అదే నచ్చుతోంది. ఆ చుట్టు కుట్టును దగ్గరగా తీసిన వీడియో రెండు లక్షల మంది చూశారు. ఈ వయసులో కొత్త కుట్టు కనిపెట్టావని మీ అన్నయ్య, అదే నాన్న, ఊరంతా చెబుతున్నారు.

ఆ వీడియో కింద మూల దగ్గర గుడ్డ ఎలా ముడతపడకుండా కుడతారని ఎవరో అడిగారు. నేను జవాబిచ్చేలోపే ఒకావిడ, పేరు లేదు, బంతిపూల బొమ్మ పెట్టుకుంది, "మూలకు వచ్చేసరికి మూడు కుట్లు చిన్నవి వెయ్యాలండి, తర్వాత గుడ్డ తిప్పాలి" అని రాసింది. అన్నీ తెలిసినదానిలా. "ఇది మా అత్తయ్య కుట్టండి, మీకెలా తెలుస్తుంది" అని జవాబు పెట్టాను. మళ్ళీ మాట్లాడలేదు.

ఈ మూటలో తొమ్మిది జతలున్నాయి. భుజం ఎలా ఉంది?

యశస్విని


నందిగామ
ఆగస్టు 11

యశస్వినీ,

మూట అందింది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. మీ మావయ్య పత్తి చేలో నీళ్ళు నిలిచాయని పొద్దున వెళ్ళి ఇంకా రాలేదు. భుజం పర్వాలేదు.

ఆ బంతిపూల ఆవిడతో అలా అనకుండా ఉండాల్సింది. తెలిసినవాళ్ళు ఎందరో ఉంటారు.

బొంతలు నెలాఖరుకు పంపుతాను.

దుర్గాంబ


జగ్గయ్యపేట
ఆగస్టు 19

అత్తయ్యా,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఒంట్లో బాగాలేదా?

పరిటాలలో వైదేహి అని ఒక టీచరు గారున్నారు. పోయిన నెల మనం వాళ్ళ అమ్మగారి చీరలతో బొంత కుట్టిచ్చాం, గచ్చకాయ రంగువి. ఆవిడ ఎంత సంతోషపడ్డారంటే, తనతో పనిచేసే టీచర్లందరి దగ్గరా చీరలు పోగు చేశారు. ఇరవై బొంతలు కావాలట. కానీ ముందు నిన్ను చూసి, దండం పెట్టుకుని మాట్లాడాలట. మా అమ్మ ఒంటిమీది గుడ్డను అంత శ్రద్ధగా కుట్టిన చేతులు చూడాలి అన్నారు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చే నెల ఎనిమిది, ఆదివారం, ఆవిడను తీసుకుని నేను నందిగామ వస్తాను. నువ్వు ఆ చుట్టు కుట్టు కుడుతుండగా మొదటినుంచి చివరిదాకా వీడియో తీస్తాను. ఇంతవరకూ అందరూ బొంతనే చూశారు. కుట్టే మనిషిని చూస్తే మన పేజీ ఎక్కడికో వెళ్తుంది. మంచి నేత చీర కట్టుకో.

యశస్విని


నందిగామ
ఆగస్టు 24

యశస్వినీ,

ఆదివారం మీరు రావద్దు. ఎందుకు వద్దంటున్నానో ఇది పూర్తిగా చదివితే తెలుస్తుంది.

ఆ చుట్టు కుట్టు నాది కాదు. నాకు రాదు. జూలైలో భుజం ఎత్తలేకపోయినప్పుడు, మా వీధి చివర చర్చి వెనక ఉండే మహిమ ఇటుగా వెళుతూ నన్ను చూసి ఆగింది. "చెయ్యి అంత నెప్పిగా ఉంటే ఎందుకమ్మా, ఇటివ్వండి నేను వేస్తా" అని అరుగు మీదే కూర్చుంది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం వస్తోంది. తన పద్ధతి వేరు, నేను కాదనలేదు. మొదట నేను సగం, తను సగం. తర్వాత అన్నీ తనే. నేను చీరలు చింపి, పొరలు సర్ది, కదలకుండా పెద్ద కుట్లతో టాకా వేసి ఇస్తున్నాను. నీ టీచరు గారి గచ్చకాయ రంగు బొంతలో నేను వేసిన కుట్టు ఒక్కటీ లేదు.

డబ్బు దగ్గర నేను తేడా చెయ్యలేదు, కుట్టుకూలి సగానికి పైనే తనకు ఇస్తున్నాను. పేరు దగ్గరే చేశాను. తను కుట్టడం మొదలుపెట్టినప్పుడే నీకు రాసేసి ఉండాల్సింది. రాద్దామని కూర్చున్నాను కూడా. అంతలో మీ మావయ్య ఫోను తెచ్చి, నీ పేజీలో జనం రాసిన మాటలు ఒక్కొక్కటీ గట్టిగా చదివి వినిపించారు. అత్తయ్య చెయ్యి బంగారం, అత్తయ్యకు వందేళ్ళు ఆయుష్షు, ఇలా. ఈ ఇంటికి వచ్చి నలభై రెండేళ్ళయింది. నా పనిని నా ముందు ఎవరూ అలా మెచ్చుకోలేదు. ఆ పూట ఉత్తరం రాయలేదు. ఆ తర్వాత రాయడం ఇంకా కష్టమైపోయింది.

నీ ఆగస్టు ఉత్తరంలో బంతిపూల ఆవిడ సంగతి చదవగానే అది మహిమే అనిపించింది. మధ్యాహ్నం మహిమ రాగానే అడిగాను.

"ఆ మూల దగ్గర మూడు కుట్లని రాసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మరి మా యశస్విని అలా జవాబిచ్చాక నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు బాధపడతారు. పైగా ఆ అమ్మాయికి నిజంగానే తెలీదు కదా" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

నీ పేజీ తను మొదటినుంచీ చూస్తోందట. తన కుట్టు కింద నా పేరు అన్నిసార్లు చదివి, మర్నాడు వచ్చి నా అరుగు మీద కూర్చుని మళ్ళీ కుట్టింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నీ కొట్టుకు నావల్ల చెడ్డపేరు వస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

మీ అత్తయ్య
దుర్గాంబ


జగ్గయ్యపేట
ఆగస్టు 29

అత్తయ్యా,

ఉత్తరం చదివి మొదట నీమీద కోపం వచ్చింది. రెండు రోజులు జవాబు రాయలేదు. మూడో రోజు ఆ వీడియో తెరిచి నేను ఇచ్చిన జవాబు మళ్ళీ చదువుకున్నాను. "మీకెలా తెలుస్తుంది." ఆ కోపం నీమీద నిలవలేదు.

తర్వాత ఇంకోటి చూశాను. మన బొంతల ఫోటోలు, వీడియోలు మొత్తం నలభై ఒకటి ఉన్నాయి. అన్నిటికీ బంతిపూల బొమ్మ నుంచి ఒక లైక్ ఉంది. నేను కసిరాక పెట్టినవాటికి కూడా.

దిలీప్‌కు చెప్పాను. "ఎవరికీ తెలీదుగా, చుట్టు కుట్టు ఆపేసి మీ అత్తయ్య పాత కుట్టే నడిపించు" అన్నాడు. మళ్ళీ, "కాదులే, అది ఇంకా అన్యాయం" అని తనే అన్నాడు.

#అత్తయ్యకుట్టు అని ఉన్నవన్నీ తీసేసి, మహిమ పేరుతో కొత్త చీటీ పెట్టి మళ్ళీ మొదలుపెడదామనుకుంటున్నాను. వైదేహి గారికి ఇంకా చెప్పలేదు, నీకు ఒంట్లో బాగాలేదని ఆదివారం ప్రయాణం మాత్రం వాయిదా వేశాను. ఇరవై బొంతలు పోతే పోతాయి. సరేనా?

యశస్విని


నందిగామ
సెప్టెంబరు 10

యశస్వినీ,

మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చాయి కదా, నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. మా వీధికి ఏం కాలేదు.

మహిమను అడగకుండా తన పేరు పెట్టడం కూడా తప్పేననిపించింది. రోజూ తనే వస్తుంది, కాబట్టి మా అరుగు మీదే అడగవచ్చు. కానీ ఈ మాట అడగడానికి నేనే వెళ్ళాలి. పన్నెండు ఇళ్ళ దూరం. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ఎక్కలేదు, నిన్న ఎక్కాను. తను నన్ను చూసి గాభరాపడి, "ఏమైందమ్మా, అయ్యగారికి బాగానే ఉందా" అంది. కుర్చీ తెచ్చి వేసింది. నాకు వినిపించాలని నా ఎదురుగా కూర్చుని మాట్లాడింది.

నువ్వు రాసినదంతా చెప్పాను.

"తీసెయ్యొద్దని చెప్పండి" అంది.

"ఏం?"

"అన్ని ఇళ్ళవాళ్ళు ఆ బొంతలు కప్పుకుని ఫోటోలు పెట్టుకున్నారు. అవన్నీ పోతే నా పని కూడా పోయినట్టే కదమ్మా. ఉంచి, కింద రాయమనండి, కుట్టింది ఎవరో."

"నీ పేరు రాయొచ్చా?"

"రాయండి. మా పుట్టిల్లు రెడ్డిగూడెం, అది కూడా రాయండి. ఈ కుట్టు మా అమ్మ నేర్పింది. ఆవిడ పేరు చిట్టెమ్మ. ఆవిడ కుట్టిన బొంత మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు, అన్నీ ఊళ్ళోవాళ్ళకే ఇచ్చేసింది."

అప్పుడు నేను, నాకు ఇన్నాళ్ళూ చెప్పాలనిపించలేదు, ఆ మెప్పు బాగుండి ఊరుకున్నాను అని చెప్పేశాను. తప్పయిందన్నాను. తను నా మోకాలి మీద చెయ్యి వేసి, "నాకు కోపం రాలేదని అనను. వచ్చింది. రెండు రోజులు రాకూడదనుకున్నా. కానీ సగంలో ఉన్న బొంత గుర్తొచ్చి వచ్చా" అంది.

కాబట్టి తీసెయ్యొద్దు. కింద రాయి. నా పేరు కూడా రాయి, నేను చేసిన పని ఎంతో అంతే.

దుర్గాంబ


జగ్గయ్యపేట
సెప్టెంబరు 26

అత్తయ్యా,

రాశాను. నిలువు వరసల బొంతల ఫోటోలు మొదటి తొమ్మిదింటి కింద నీ పేరు ఉంది. మిగిలిన ముప్పై రెండింటి కిందా ఇది పెట్టాను: "ఈ బొంత కుట్టినది నందిగామ మహిమ. కుట్టు నేర్పినది వాళ్ళ అమ్మ, రెడ్డిగూడెం చిట్టెమ్మ. చీరలు సర్ది టాకా వేసినది మా అత్తయ్య దుర్గాంబ. ఇంతకాలం తెలియక తప్పు పేరు పెట్టాను." #అత్తయ్యకుట్టు పక్కన #చిట్టెమ్మచుట్టుకుట్టు అని కొత్త చీటీ కలిపాను. మొత్తం కూర్చుని టైపు చేసేసరికి ఒక పూట పట్టింది. ఒక్కసారే రాసి అన్నిచోట్లా అతికించవచ్చు. అలా చెయ్యాలనిపించలేదు.

బంతిపూల ఆవిడకు నేనిచ్చిన జవాబు కూడా తీసెయ్యలేదు. దాని కిందే క్షమించమని రాశాను. "పర్లేదమ్మా" అని వచ్చింది.

ఊరుకోనివాళ్ళు ఉన్నారు. మోసం చేశారని కొందరు రాశారు. అత్తయ్య కథ చూసే కొన్నామన్నారు. ఆరుగురు ఆర్డర్లు వద్దన్నారు, చీరలు వెనక్కి పంపాను. నాలుగు రోజులు ఫోన్ తెరవాలంటే బెదురుగా ఉండేది. తర్వాత నెమ్మదించింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళు "చుట్టు కుట్టా, నిలువు కుట్టా" అని అడిగి మరీ చెబుతున్నారు. నిలువు అడిగేవాళ్ళూ ఉన్నారు అత్తయ్యా, నలుగురు. భుజం బాగుంటేనే ఒప్పుకో.

వైదేహి గారికి ఫోన్లో అంతా చెప్పాను. "ఆలోచించి చెబుతానమ్మా" అని పెట్టేశారు. ఆ తర్వాత ఏ సంగతీ తెలియలేదు. ఇరవై బొంతల ఆశ వదులుకున్నాను.

యశస్విని


నందిగామ
అక్టోబరు 20

యశస్వినీ,

మీ వైదేహి టీచరు గారు మొన్న ఆదివారం వచ్చారు. నీకు చెప్పకుండానే వచ్చారట. నేను అరుగు మీద చీరలు చింపుతున్నాను. ఆటో దిగి ఏదో అడిగారు, నాకు వినిపించలేదు. ఏంటండీ అన్నాను. ఈసారి గట్టిగా, "మహిమ గారిల్లు ఎక్కడండీ" అన్నారు. ఎదురింటివాళ్ళు, పాలకేంద్రం దగ్గర కూర్చున్నవాళ్ళు అందరూ తిరిగి చూశారు. మా వీధిలో తనను గారు అని పిలవగా నేనెప్పుడూ వినలేదు. నేనూ ఎప్పుడూ అనలేదు.

మనసులో ఒక్క క్షణం చివుక్కుమంది, నీ దగ్గర దాచడమెందుకు. ఆవిడ నాకు దండం పెడతానన్న మనిషి. తర్వాత చెప్పులేసుకుని నేనే వెంట తీసుకెళ్ళాను.

మహిమ గుమ్మంలోకి రాగానే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు చూశారు. "మా అమ్మ ఆఖర్లో కట్టుకున్న చీరండీ అది, దాని మీద మీరెన్ని కుట్లు వేశారో నేను లెక్కపెట్టుకున్నాను" అన్నారు. మహిమ సిగ్గుపడిపోయి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది, ఎంతకీ రాలేదు. అంతలో ఆవిడ నావైపు తిరిగి, "ఫోన్లో విన్నప్పుడు మీమీద కోపమొచ్చిందండి. కానీ చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, అయినా చెప్పారు కదా, అందుకే వచ్చా" అన్నారు. చీరలు సర్దినది నేనేనండీ అన్నాను. దానికీ దండం పెట్టారు.

ఇరవై జతలూ ఆటోలోనే తెచ్చారు. అన్నీ చుట్టు కుట్టే కావాలట. మహిమ ఒక్కతే ఇన్ని ఎప్పటికి కుడుతుంది? అందుకని నిన్నటినుంచి నేను నేర్చుకుంటున్నాను. మధ్యాహ్నం తను మా అరుగు మీదికి రావడం మానేసింది, నేనే సూదీ కళ్ళజోడూ తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. అక్కడ వెలుతురు బాగుంటుంది. భుజం కూడా ఈ పద్ధతిలో అంతగా లాగడం లేదు.

ఈ ఉత్తరం అక్కడే కూర్చుని రాస్తున్నాను. ఇందాక మొదటి మూల తిప్పాను. గుడ్డ ముడతపడింది. పర్వాలేదేమో, ఎవరు చూస్తారులే అన్నాను. మహిమ దాన్ని తీసుకుని కిటికీ దగ్గర పట్టి చూసి, నా చేతికే ఇచ్చింది. "విప్పెయ్యండమ్మా. మళ్ళీ కుట్టండి" అంది.

విప్పుతున్నాను.

మీ అత్తయ్య
దుర్గాంబ